అమ్మవారు నవ్విన బేరం

“ఈ బండి ఇంకా రోడ్డు మీదే తిరుగుతోందా? మ్యూజియం వాళ్ళు చూడలేదనుకుంటా.”

యా-చిన్‌తో నేనన్న మొదటి మాట ఇదే. అప్పుడే వాన వెలిసింది. ఆమె తన పాత పెద్ద స్కూటర్‌ని మా షాపు ముందు ఆపి, హెల్మెట్ తీసి, జుట్టు దులుపుకుంటూ నా వైపు చూసింది. మనిషి పొట్టి. చూపు మాత్రం ఎదుటివాణ్ణి రెండడుగులు వెనక్కి నడిపించేలా ఉంది.

“మీ దగ్గర బండి కొంటే ఈ మాటలు ఊరికే ఇస్తారా, వాటికి విడిగా కట్టాలా?” అంది.

లోపల టైరు బిగిస్తున్న మామయ్య పకపకా నవ్వాడు.

నా పేరు వెన్-హుంగ్. తైవాన్‌లో మా ఊరు తైనాన్. ఇక్కడ పెద్ద స్కూటర్ కొనాలనుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ తిరిగినా చివరికి మా మామయ్య షాపుకే వస్తారు. వచ్చినవాళ్ళు నా నోటి నుంచి తప్పించుకుని ఉత్త చేతులతో పోవడం అరుదు. గొప్పలు కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. అలాంటివాణ్ణి ఆ పూట బేరం మాట పక్కనపెట్టి ఆమెకు కుర్చీ తుడిచి వేశాను.

ఆమె పని పియానోలకు శ్రుతి సరిచేయడం. మా ఊళ్ళోనే కాదు, కొండలు దాటి తూర్పు తీరంలో ఉన్న బడులన్నిటికీ ఆమే వెళుతుంది. ఇనుప సామాను నిండిన పెట్టె ఒకటి ఎప్పుడూ వెంట ఉంటుంది. పాత బండి మంచిదేగానీ ఘాట్ రోడ్డెక్కేసరికి ఆయాసపడుతోందట, పార్టులేమో దొరకడం మానేశాయట. దాన్ని ఇచ్చేసి కొత్తది తీసుకుందామని వచ్చింది.

అంత దూరాలు తిరిగే మనిషికి పనికొచ్చేవి మా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి మా తైవాన్ బండి. తేలిక, మలుపుల్లో చెప్పినట్టు వింటుంది, ఏ మారుమూలైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. కాకపోతే సీటు ఎత్తు. ఆమె కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకు తగిలాయి. రెండోది జపాన్ బండి. సీటు కిందికి ఉంటుంది, సోఫాలో కూర్చున్నట్టే. సీటు కింద ఆమె పెట్టె, హెల్మెట్, రెండు జతల బట్టలు కూడా పట్టాయి. కాకపోతే ఏనుగంత బరువు. నడుస్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, ఆపాక వెనక్కి నెట్టాలంటే నడుం పట్టేస్తుంది.

ఆమె దాని మీద కూర్చుంది, దీని మీద కూర్చుంది, మళ్ళీ దాని మీద కూర్చుంది. ఆలోచించుకుని వచ్చే ఆదివారం వస్తానంది.

ఆలోచించుకుని వస్తానన్నవాళ్ళు రారు. మా వ్యాపారంలో అది వేదవాక్కు. అందుకే ఎవరినీ ఆ మాట అననివ్వను, అనేలోపే కాగితాల మీద సంతకం పెట్టించేస్తాను. ఈమెను మాత్రం గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను. మామయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూశాడు.

ఆదివారం ఆమె వచ్చింది. నేను పొద్దున్నుంచి ఆ రెండు బండ్లనే తుడుస్తున్నాను.

ఆ తర్వాత జరిగింది మా వంశంలో ఏ అమ్మకందారూ చేయని పని. ఆమె తైవాన్ బండి వైపు మొగ్గితే, పాపం సీటు ఎత్తు కదా, వానలో సిగ్నల్ దగ్గర కాలు జారితే ఎలా అన్నాను. సరే జపాన్ బండే తీసుకుంటానంటే, అంత బరువు బండిని బడి గేటు ముందు ఒక్కరే ఎలా తిప్పుతారు అన్నాను. పై ఆదివారం అవే మాటలు తిరగేసి చెప్పాను. ప్రతిసారీ ఆమె తలూపి, మేమిచ్చే తియ్యటి బూడిద గుమ్మడికాయ టీ తాగి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయేది.

నాకేమయిందో తెలియనంత అమాయకుణ్ణి కాదు. బాగానే తెలుసు. ఆమె గుమ్మంలో అడుగుపెడితే నాకు ప్రాణం లేచొచ్చేది. బండి కొనేసిందంటే ఇక మా షాపుకు రావాల్సిన పనేముంది?

ఒక ఆదివారం, బండి నడిపి చూపించమని ఆమే అడిగింది. కొండల్లో సామాను బరువుతో ఎలా లాగుతుందో వెనక కూర్చుని చూస్తుందట. నేను కాలరు సర్దుకుని జపాన్ బండి బయటికి తీశాను. దారి పొడవునా ఇంజను గురించి, బ్రేకుల గురించి, గాలి తగలకుండా కాపాడే అద్దం గురించి వాగుతూనే ఉన్నాను. పెద్ద కూడలి వచ్చింది. ఎడమకు తిరగాలి.

మా దేశంలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి, అందుకే చిన్న స్కూటర్లు పెద్ద కూడళ్ళలో నేరుగా ఎడమకు తిరగకూడదు. ఎదుటి మూల దాకా వెళ్ళి, అక్కడ తెల్లగీతలతో గీసిన గడిలో ఆగి, అటువైపు పచ్చ సిగ్నల్ వచ్చాకే కదలాలి. ఎర్ర నంబరు ప్లేటున్న పెద్ద బండ్లకు ఆ బాధ లేదు, కార్లలాగే తిరిగిపోవచ్చు. నేను ఏం చేశానంటే, అంత పెద్ద బండిని తీసుకెళ్ళి బుద్ధిగా ఆ గడిలో నిలబెట్టాను. చుట్టూ కూరగాయల సంచులు తగిలించుకున్న చిన్న స్కూటర్లు. పక్కన ఒక ముసలాయన మా నంబరు ప్లేటు వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

ఇంతలో నా భుజం వణకడం మొదలైంది. ఆమె తల అక్కడ ఆనించి నవ్వుతోంది.

“ఇన్ని బండ్లు అమ్మారు. మీకు సొంతంగా పెద్ద బండి లేదు కదూ?” అంది నవ్వు ఆపుకోలేక.

లేదు. నాది ఇప్పటికీ సామాన్లు మోసే చిన్న స్కూటరే. పరువు గంగలో కలిసిందనే అనుకున్నాను. కానీ ఆ పచ్చ సిగ్నల్ ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ రోజే తిరిగొచ్చాక వాన పట్టుకుంది. షాపు ముందు వసారాలో టీ తాగుతూ ఆమె మామూలుగా చెప్పింది. వచ్చే నెల తైతుంగ్ వెళ్ళిపోతోందట. తూర్పు తీరంలో బడులన్నీ కలిసి ఏడాది పని అప్పజెప్పాయి, అక్కడ గది కూడా చూసుకుంది. అందుకే ఇక బండి సంగతి తేల్చాలంది.

ఎన్ని ఆదివారాలైనా సాగదీద్దామనుకున్న బేరం అది. ఇప్పుడు అమ్మినా పోతుంది, అమ్మకపోయినా పోతుంది.

“అయితే ఏది తీసుకుంటారు?” అన్నాను, టీ గ్లాసు కింద పెట్టి.

ఆమె వాన వైపు చూస్తూ, తేల్చేది తను కాదంది. అన్ని దూరాలు ఒంటరిగా తిరిగే బండి కాబట్టి ప్రయాణాల్లో కాపాడే మాజు అమ్మవారిని అడగందే కొనడానికి వీల్లేదని వాళ్ళ నానమ్మ పట్టుబట్టిందట. బండ్ల గురించి అమ్మవారికేమైనా సందేహం వస్తే చెప్పడానికి షాపు తరఫున నన్నూ రమ్మంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె పెదవి చివర నవ్వు కనిపించింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మర్నాడు ఉదయం గుడికి వెళ్ళాను. తలకు నూనె రాసి దువ్వుకున్న నానమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, అప్పటికే ఏదో విన్నట్టు తలూపింది.

అమ్మవారిని అడగడమంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు మన పేరు, పుట్టినరోజు, ఇల్లు ఎక్కడో చెప్పుకోవాలి, లేకపోతే ఆవిడకు మనమెవరో ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత సంగతి అడిగి, ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బెత్తుగా నెలవంకలా చెక్కిన రెండు ఎర్ర చెక్కల్ని నేల మీదికి వదలాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే మాత్రం అమ్మవారు నవ్వుతోందని అర్థం.

యా-చిన్ మోకాళ్ళ మీద కూర్చుని, వివరాలన్నీ చెప్పుకుని, ఇదా అదా అని అడిగింది. చెక్కలు వెల్లకిలా పడ్డాయి. నవ్వు.

అలా అడిగితే ఏం చెబుతుందని నానమ్మ కసిరింది. ఒక్కొక్కటే అడగమంది. తైవాన్ బండి కొననా అని అడిగింది. నవ్వు. జపాన్ బండి కొననా అని అడిగింది. మళ్ళీ నవ్వే. వెనక అగరొత్తులు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు కూడా తొంగిచూడసాగారు.

నానమ్మ చేతికర్ర నేలకు తాటించింది. “మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఒకటి అడిగితే నవ్వక ఏం చేస్తుందే? ఇక్కడ ఎవరో ఏదో దాస్తున్నారు.”

యా-చిన్ తల తిప్పి నన్నే చూసింది. నానమ్మా నన్నే చూసింది. అమ్మవారు సరేసరి.

ఇక లాభం లేదనుకున్నాను. వెళ్ళి యా-చిన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పేరు చెప్పాను. పుట్టినరోజు చెప్పాను. చేపల గంజి అమ్మే వీధిలో మా ఇల్లెక్కడో కూడా చెప్పాను. గుళ్ళో మెల్లగా మాట్లాడాలని తెలుసు, కానీ నా గొంతు నా మాట వినలేదు.

“అమ్మా, తప్పు నాది. రెండూ మంచి బండ్లే. ఏదో ఒకటి మొదటి రోజే అమ్మేయాల్సింది. అమ్మితే ఈ అమ్మాయి మళ్ళీ రాదని భయపడి లేనిపోని వంకలన్నీ పెట్టాను. ఇప్పుడు ఊరే వదిలి వెళ్ళిపోతోంది. నాకు ఈమె అంటే ఇష్టం. ఆదివారాలు తూర్పు తీరానికి ఈమె దగ్గరికి నేను వెళ్ళొచ్చా? నువ్వే చెప్పు.”

చెక్కలు చేతిలోకి తీసుకున్నాను. వదిలేలోపు యా-చిన్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“అది అమ్మవారిని అడిగే మాట కాదు,” అంది. “నన్ను అడుగు.”

అంతవరకూ నన్ను ఎప్పుడూ నువ్వు అనలేదు. నా చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. అయినా తల దించుకోలేదు. ఆమె కళ్ళలోకి చూసే అడిగాను.

“రావచ్చా?”

ఆమె నా చేతిలోంచి చెక్కలు తీసుకుని, అమ్మవారి వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. జపాన్ బండి తీసుకుంటున్నానని మాత్రం గట్టిగా చెప్పి వదిలింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లు వరసగా అలా పడితేనే అది అమ్మవారి మాట. రెండోసారీ అలాగే పడింది. మూడోసారి నేను నేల మీదికి వంగిపోయి చూశాను. అదీ సరేనంది.

నానమ్మ చేతులెత్తి దండం పెట్టుకుంది. వరసలో వెనకున్న ఆవిడెవరో హమ్మయ్య అని పైకే అంది.

యా-చిన్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. “అమ్మవారు నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను చూసి. ఏ బండి తీసుకోవాలో నేను మొదటి ఆదివారమే తేల్చుకున్నాను.”

“మరి అన్ని వారాలూ నేను చెప్పిన వంకలు ఎందుకు విన్నావు?”

“నువ్వెందుకు చెప్పావో, అందుకే విన్నాను.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గుళ్ళో బాగుండదని ఆగాను. ఇంతలో నానమ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. “బండి సంగతి అమ్మవారు చూసుకుంది. పిల్లవాడి సంగతి నేను చూసుకుంటాను,” అంటూ మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి రమ్మంది. చేపలో ముళ్ళు తీసి తినడం వచ్చో రాదో ముందు అది చూడాలట. వచ్చంటే మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చట. నాకు బాగా వచ్చని చెప్పాను, అది కూడా ఉన్నమాటే.

నానమ్మ కర్ర తాటించుకుంటూ ముందు నడిచింది. యా-చిన్ నా పక్కన మెట్లు దిగుతూ, ఇంత సేపూ దాచుకున్న మాట మెల్లగా చెప్పింది.

“ఆ బండి వెనక్కి నెట్టడం నా ఒక్కదాని వల్ల కాదని నాకు తెలుసు. తెలిసే ఎంచుకున్నాను. నెలనెలా కాదు, వారం వారం రావాలి.”

వస్తానన్నాను. కొండలు కూలినా, తుఫాను వచ్చినా, మామయ్య ఉద్యోగంలోంచి తీసేసినా ఆదివారం పొద్దున్నకల్లా ఆమె గుమ్మం ముందు ఉంటానన్నాను. అమ్మకందారు మాటలు నమ్మొచ్చా అని ఆమె అడిగింది. కొని చూడమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.