పిండిలో రెక్కల అచ్చు

అసురసంధ్య... పగటికీ రాత్రికీ చెందని అభిశప్త ఘడియ! పడమటి ఆకాశం గడ్డకట్టిన నెత్తురులా నల్లబడుతోంది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమిన ఉరుముకు పాడుబడ్డ ఇటుకబట్టీ పునాదులతో సహా కంపించింది.

బట్టీ గర్భంలో ఒక నూనెదీపం. దీపం ముందు దవడ ఊడిన ఒక కపాలం. ఆ కపాలం వెనక, ఒళ్లంతా భస్మం పులుముకుని కూర్చున్న ఓ భీకరాకారం... అతని పేరెవరికీ తెలియదు. బూడిదాయన అంటారు. పట్టపగలు వెటకారం చేసేవాళ్లు కూడా పొద్దు వాలేసరికి ఆ బట్టీ దారి తొక్కరు.

అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నవాడు మరాయన. ఊరందరికీ పిండి ఆడించిపెట్టే మనిషి. ఎన్నిసార్లు కడుక్కున్నా అతని కనుబొమల్లో పిండి అలాగే ఉంటుంది. అతని చేతిలో ఒక గోనెసంచి... ఆ సంచిలో ఏదో ఊపిరి పీలుస్తోంది!

"తెచ్చావా?" అన్నాడు బూడిదాయన.

"తెచ్చానయ్యా. నా బిడ్డ బతుకుతుంది కదా?"

"సంచి విప్పు."

అడిగినదానికి జవాబు రాలేదని మరాయన గమనించలేదు. ఆశపడ్డవాడి చెవికి తను వినాలనుకున్నదే వినబడుతుంది. అతను ముడి విప్పాడు.

లోపల ఒక తెల్ల గుడ్లగూబ. కాళ్లు కట్టేసి ఉన్నాయి. చంద్రబింబంలాంటి ముఖంలో రెండు నల్లని నిశ్చల నేత్రాలు! అది అరవలేదు, రెక్క కొట్టలేదు. తనను ఏళ్ల తరబడి చూరు కింద ఉండనిచ్చిన మనిషిని అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ చూరు సంగతి చెప్పాలి. పిండిమర కట్టినప్పుడు మరాయన తండ్రి కప్పు కింద, గోడలో జానెడు కన్నం కావాలనే వదిలాడు. గుడ్లగూబలు వచ్చిపోయే దారి అది. సాయంత్రం మర ఆపగానే నేలమీద పల్చగా పిండి చల్లేవాడు. పొద్దున్నే వచ్చి ఆ పిండిని చదివేవాడు. ఎలుక అడుగులు గోడవార నుంచి బస్తాల దాకా బుడిబుడిగా వచ్చి... నడుమ ఠక్కున ఆగిపోయేవి! ఆగినచోట అటూ ఇటూ విసనకర్ర విప్పినట్టు రెండు రెక్కల అచ్చులు. "జీతం అడగని కాపలాదారురా ఇది. దీనికి కోపం తెప్పించకు" అనేవాడు కొడుకుతో.

మరాయన కూతురు చిట్టికి ఆ అచ్చులంటే ప్రాణం. నిద్ర లేవగానే మరలోకి పరుగెత్తేది. గుడ్లగూబకు గుడ్లమ్మ అని పేరు పెట్టింది. ఒకనాడు అన్నిటికంటే అందంగా పడిన అచ్చు మీద రేకుతొట్టి బోర్లించి, పైన రాయి పెట్టి, "దీన్ని ఎవ్వరూ తొక్కకూడదు నాన్నా" అని హుకుం జారీ చేసింది. మరాయన నవ్వి సరేనన్నాడు.

తరువాత అతని తల్లి మంచం పట్టింది. చూరు మీద గుడ్లమ్మ, దాని జోడు కీచుగొంతు వినబడినప్పుడల్లా ఇరుగుపొరుగు గుండెలు బాదుకున్నారు. అది చావుపిట్ట అన్నారు. బూడిదాయన కూడా అదే అని మగపక్షిని తెమ్మన్నాడు. మరాయన తెచ్చి ఇచ్చాడు. తల్లి దక్కలేదు. ఆలస్యం చేశావని అతన్నే తిట్టాడు బూడిదాయన. అప్పటికే చుట్టుపక్కల చూరుల్లోంచి, చెట్టు తొర్రల్లోంచి, గాదెల్లోంచి గుడ్లగూబలన్నీ ఒక్కటొక్కటిగా ఆ బట్టీకే చేరాయి. ఏ ఇంట్లో ఏ కష్టం వచ్చినా ఆయన అడిగేది అదే మరి.

ఒంటి పక్షి ఎంతకని వేటాడుతుంది? పిండిలో ఎలుక అడుగులు ఆగడం మానేశాయి. ఒకదానిమీద ఒకటి పడి, పిండి చల్లినట్టే ఉండేది కాదు. మరాయన అది చూశాడు, చదవలేదు. పొద్దున్నే చీపురు తీసుకుని ఊడ్చేసేవాడు. చదువు వచ్చినవాడు చదవకపోతే ఆ తప్పుకు మందు లేదు.

వానలు పడ్డాయి. చిట్టికి జ్వరం వచ్చింది. కళ్లు పసుపుపచ్చగా మారాయి. పిక్కలు నొప్పని రాత్రంతా ఏడ్చింది. "మిగిలిన ఆడపక్షి నీ ఇంటి మీద పగబట్టింది. దాన్ని తీసుకురా. మందు ముట్టావో, మంత్రం విరుగుతుంది" అన్నాడు బూడిదాయన. మరాయన ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. భార్య మాత్రం ఊరుకోలేదు.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి గురించి విన్నా. ఎలుకల్ని తినేదాన్ని తరిమేసేవాణ్ణి నిన్నే చూస్తున్నా. నీ తెలివి తెల్లారినట్టే ఉందయ్యా" అంది. అతను వినలేదు. ఈ మధ్యాహ్నం కన్నానికి చెక్క కొట్టి, నిచ్చెనెక్కి పక్షిని పట్టాడు. అతను నిచ్చెన మీద ఉండగానే ఆమె పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

బట్టీలో దీపం భగ్గున లేచింది! బూడిదాయన పెదవుల మీద అర్థంకాని మంత్రాలు బుసకొట్టసాగాయి. ఎడమచేత్తో పక్షిని కపాలం మీదికి ఎత్తాడు. కుడిచేతిలో కత్తి మెరుపు వెలుగులో తళుక్కుమంది...

సరిగ్గా అప్పుడు, వానలో తడిసి ముద్దయిన ఒక స్త్రీ గుమ్మంలో నిలబడింది. మరాయన భార్య.

"నీకోసం ఇల్లంతా వెతికాను" అంది రొప్పుతూ. "డాక్టరమ్మ చెప్పింది. ఇది ఎలుకల జ్వరమట. వాటి ఉచ్చ కలిసిన నీళ్లలోంచి వస్తుందట. కొంచెం ముందు తెస్తే బాగుండేదంది. పిల్ల నాన్న ఏడీ అని అడుగుతోంది. లే, పోదాం."

ఊడ్చేసిన అడుగులన్నీ మరాయన కళ్లముందు ఒక్కసారిగా నడిచాయి. పిండిలోనే ఉంది అంతా. రోజూ అతని కాళ్ల కిందే ఉంది.

"వద్దయ్యా. దాన్ని వదిలెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు.

బూడిదాయన వికటంగా నవ్వాడు. "నీ పిల్ల కోసమనుకున్నావట్రా? ఒక జాతిలో చిట్టచివరి ప్రాణిలో ఆ జాతి ప్రాణమంతా దాగి ఉంటుంది. దాన్ని తాగినవాడికి చావు లేదు. ఇన్నేళ్లుగా ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వచ్చింది ఈ ఒక్కదాని కోసమే."

మరాయన దూకేలోపే కత్తి దిగింది...

ఆకాశం రెండుగా చీలినట్టు పిడుగు పడింది! మరాయన భార్య కొయ్యలా బిగుసుకుపోయింది. ఆమె కనుపాపలు విశాలమై, తెల్లగుడ్డు కనబడకుండా నల్లబడ్డాయి. ఆమె కంఠంలోంచి మనుషులది కాని ఒక కీచుధ్వని... ఆపైన మాట!

"నా పిల్లలేరీ?"

బూడిదాయన చేతిలోంచి కత్తి జారింది.

"తలుపును నేను. రాత్రికీ మీ గింజకూ మధ్య, రోగానికీ మీ ఉయ్యాలకూ మధ్య మూసి ఉన్న తలుపును. నన్ను పీకేశావు. ఇక వాటిని ఎవరు ఆపుతారు?"

అప్పుడు వినబడింది. గోడల్లోంచి, ఇటుకల సందుల్లోంచి, నేల అడుగునుంచి... గరగర... గరగర! కపాలం కంటిగూట్లోంచి ఒక ఎలుక తొంగిచూసింది. దాని వెనక మరొకటి. మరుక్షణం నేల కదిలింది. అది నేల కాదు, మూషికసముద్రం! బూడిదాయన మంత్రం చదివాడు. రెండింతల గొంతుతో చదివాడు. ఎన్నో ఏళ్లుగా దయ్యాల్ని కట్టడి చేసిన మంత్రాలు ఆకలి ముందు అక్కరకు రాలేదు. దీపం బోర్లాపడింది. చీకట్లో అతని ఆర్తనాదం హోరుమనే వానను కూడా దాటింది... ఆ తరువాత అదీ ఆగిపోయింది.

మరాయన భార్యను చేతుల మీద ఎత్తుకుని బయటపడ్డాడు. ఒక్క ఎలుక కూడా వాళ్ల వైపు రాలేదు. వానచుక్కలు ముఖాన పడ్డాక ఆమె కళ్లు మళ్లీ మామూలయ్యాయి. "త్వరగా పద" అంది.

ఆసుపత్రిలో చిట్టి మంచం కిటికీ పక్కన ఉంది. సీసాలోంచి మందు బొట్టుబొట్టుగా దిగుతోంది. డాక్టరమ్మ వాళ్లను చూసి తల తిప్పుకుంది. మరాయన మంచం పక్కన కూలబడి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పెనంలా కాలిపోతోంది.

"నాన్నా, గుడ్లమ్మ ఇంటికొచ్చిందా?"

"వచ్చింది తల్లీ."

"కన్నం మూసెయ్యకు. తడిసిపోతుంది."

"మూయను."

తెల్లవారకముందే ఆ చెయ్యి చల్లబడింది. తల్లి ఏడ్చిన ఏడుపుకు పక్క మంచాల వాళ్లు కూడా ఏడ్చారు. మరాయనకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒక అర్హత ఉండాలనిపించింది అతనికి.

అంతా అయ్యాక, ఇంటికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, మరాయన మరలో నిచ్చెన వేసి కన్నానికి కొట్టిన చెక్క పీకేశాడు. కన్నంలోంచి వెలుతురు పడింది. వెలుతురు తప్ప ఇంకేదీ రాదని అతనికి తెలుసు. ఈ చుట్టుపక్కల రావడానికి ఇక ఏదీ లేదు.

దిగి వస్తుంటే మూలనున్న రేకుతొట్టి కనబడింది. రాయి పక్కన పెట్టి, ఊపిరి బిగపట్టి, మెల్లగా తొట్టి ఎత్తాడు.

రెండు రెక్కలు. ఈకల కొసలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా పడ్డాయి. ఆ పక్కనే, ఎవరి రెక్క పెద్దదో చూసుకుందామని కాబోలు, అయిదు వేళ్లూ విప్పి అద్దిన ఒక చిన్న అరచెయ్యి.

అప్పుడు ఏడ్చాడు మరాయన. కన్నీళ్లు పిండిలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని మరీ ఏడ్చాడు. మళ్లీ తొట్టి బోర్లించి పైన రాయి పెట్టాడు.

చీకటి పడింది. గోడవార గరగర మొదలైంది. తొట్టి చుట్టూ, రేకు అంచును గోకుతూ, ఒకటి, రెండు, పది... భార్య గుమ్మంలోంచి భోజనానికి పిలిచింది. అతను కర్ర చేతిలో పట్టుకుని తొట్టి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు తినెయ్యి. ఇక్కడ కాపలాకి ఎవరూ లేరు" అన్నాడు.