గొరకల పిలుపు

2096లో నూకపాలెం జనం పొద్దున లేవగానే చూసేది నీటి బోర్డు. ఆ రోజు సముద్రంలో ప్రాణవాయువు ఎంత ఉందో దాని మీద రంగుల్లో కనిపించేది. ఆకుపచ్చ రంగు కనబడక పదకొండేళ్లయింది. పసుపు వచ్చిన రోజు మోకాళ్ల దాకా దిగవచ్చు. ఎరుపు వచ్చిన రోజు ఇసుక దాటకూడదు. చేప అంటే ఆ ఊరి పిల్లలకు తెలిసింది ఫ్యాక్టరీ తొట్టెల్లో పెంచిన, తలా ముల్లూ లేని తెల్లటి కండ ఒక్కటే.

ఊరి చివర సరుగుడు తోటలో సముద్ర శ్రవణ కేంద్రం ఉండేది. దాన్ని నడిపేది డాక్టర్ గరికిన సత్యవేణి. ఆ ఊరి బెస్తవాళ్ల పిల్లే. ఇరవై ఏళ్లుగా ఆమెతో కలిసి పనిచేస్తున్నది మచిలీపట్నం నుంచి వచ్చిన డాక్టర్ రహమతుల్లా. ఇద్దరూ కలిసి సముద్రం అడుగున తొంభై హైడ్రోఫోన్లు పరిచారు. వాటిని నీటిచెవులు అనేవారు. ఆ చెవులు విన్న ప్రతి శబ్దమూ శ్రుతి అనే యంత్రానికి చేరేది. ఏ శబ్దం తర్వాత ఏ చేప ఎటు కదిలింది, ఏది ఆగింది, ఏది పారిపోయింది అన్నది శ్రుతి పోల్చి చూసి, శబ్దానికి అర్థం కట్టేది. ఏడేళ్లు అది గొరక చేపల్ని విన్నది. గొరక కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాన్ని కండరంతో డప్పులా కొట్టి ఆ చేప మాట్లాడుతుంది. బంగాళాఖాతంలో ఈ వైపున మిగిలింది ఒకే ఒక గొరకల గుంపు, సుమారు ముప్పై వేలు.

"చెప్పు శ్రుతీ, ఏమంటున్నాయి?" అని ఒక రోజు సత్యవేణి అడిగింది.

"నాలుగు మాటలు రూఢి అయ్యాయి," అంది యంత్రం. "ఇక్కడున్నాను. దూరంగా ఉండు. ప్రమాదం. ఇక్కడ క్షేమం, రండి."

"అంతేనా?"

"అంతే. నాలుగు వందల కోట్ల శబ్దాల్లో ఈ నాలుగే ఉన్నాయి."

సత్యవేణి ముఖం వాడిపోయింది. రహమతుల్లా మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీకు తక్కువనిపిస్తోందా వేణిగారూ? ఒక చేప రోజంతా 'ఇక్కడున్నాను, ఇక్కడున్నాను' అంటోంది. ఎవరితో అంటారు?"

"పక్క చేపతో."

"పక్క చేపతోనే. కానీ ఆ తిత్తినీ, దాన్ని కొట్టే కండరాన్నీ ఇచ్చినవాడు కూడా వింటాడుగా. మా నాన్నగారు ఇలాంటివాటిని ఆయత్ అనేవారు. ఆనవాలు అన్నమాట. చేసినవాడి ఆనవాలు."

సత్యవేణి తండ్రి పోలయ్యకు ఎనభై రెండేళ్లు. మరునాడు కేంద్రానికి వచ్చి స్పీకరుకు చెవి ఆనించి చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు.

"ఇదేనమ్మా," అన్నాడు చివరికి. "తెడ్డు నీళ్లల్లో ముంచి, రెండో కొస సెవికి ఆనిత్తే ఇదే ఇనపడీది. గంగమ్మ డప్పు అనీవోళ్లం. అప్పుడు మాకు మాటలు తెల్దు. తెల్కపోయినా దండం ఎట్టుకునీవోళ్లం."

ఆ వేసవిలోనే మృతజలం వచ్చింది. ప్రాణవాయువు బొత్తిగా లేని నీరు అడుగునుంచి దుప్పటిలా పాకుతూ గుంపున్న చోటికి వస్తోందని నీటిచెవులు చెప్పాయి. రెండు రోజుల వ్యవధి ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, తీరం లోపలికి వంగిన చోట ఉప్పురాయి కోన ఉంది. అక్కడ లోతైన కాలువలోంచి ప్రాణవాయువున్న చల్లటి నీరు ఊరుతూ ఉంటుంది. గొరకలు అక్కడికి చేరితే బతుకుతాయి. పిలవడానికి నీటిలో పలికే స్పీకరు తయారుగానే ఉంది. దాని పేరు నీటిగొంతు. ఇంతవరకూ దాన్ని వాడలేదు.

"కోన నిజంగా క్షేమమేనా?" అని అడిగాడు రహమతుల్లా.

"నిజమే," అంది సత్యవేణి.

"అబద్ధం చెప్పి ఒక ప్రాణిని నడిపించకూడదు, అందుకని అడిగాను. నిజమైతే పిలవండి."

పడవ ముందు నడిచింది. నీటిగొంతు నాలుగో మాట పలికింది: ఇక్కడ క్షేమం, రండి. అరగంట దాకా ఏమీ కాలేదు. తర్వాత శ్రుతి, "వస్తున్నాయి," అంది. పోలయ్య పడవ అంచున వంగి చూశాడు. నీటి కింద వెండి రంగు నేల ఒకటి కదిలి వస్తున్నట్టుంది. ముప్పై వేల చేపలు ఒక్క మాటను నమ్మి పద్నాలుగు కిలోమీటర్లు ఈదాయి. కోన చేరాక అవి ఒక్కసారిగా డప్పు కొట్టడం మొదలుపెట్టాయి. పడవ చెక్క అదిరింది. పోలయ్య ముసలి చేతులు జోడించి ఏడ్చాడు. సత్యవేణీ ఏడ్చింది.

వార్త దేశమంతా పాకింది. కోన ఒడ్డున గుడివాళ్లూ, చర్చివాళ్లూ, మసీదువాళ్లూ కలిసి ప్రార్థన చేశారు. ఈ కోనలో ఎవరూ వల వేయకూడదని చుట్టుపక్కల పన్నెండు ఊళ్లవాళ్లు ఒట్టు వేశారు. ఆ ఒట్టు వేయించింది ఈ ప్రార్థనలు జరిపించిన ఉత్సవ కమిటీ పెద్ద కొవిరి సన్యాసిరావు. అతనే సత్యవేణి దగ్గరికి వచ్చి అడిగాడు.

"వల ఎయ్యం అని మాట ఇచ్చినాం తల్లీ. మరి మాకూ ఒక పాలి సూపించవా? నువ్వొక్కదానివే సూసీసి దాచీసుకుంటావా?"

రహమతుల్లా ఆమెను పక్కకు పిలిచి, "వద్దు వేణిగారూ," అన్నాడు.

"ఎందుకు వద్దు? చూడనివాళ్లు ఎలా ప్రేమిస్తారు? సముద్రాన్ని చంపింది చూడనివాళ్లే కదా. దేవుడి పనిని దాచిపెట్టడానికి మనమెవరం?"

ఆమె ఆ నాలుగో మాటను అందరికీ విడుదల చేసింది. చేతికి కట్టుకునే ఫోను ఉన్న ఎవరైనా నీళ్లలో చెయ్యి ముంచి ఆ పిలుపు పలికించవచ్చు. వారం తిరిగేసరికి నలభై లక్షల మంది దాన్ని తీసుకున్నారు.

జనం వచ్చారు. బస్సుల్లో, పడవల్లో, చంటిపిల్లల్ని ఎత్తుకుని, అరటిపళ్లూ కొబ్బరికాయలూ పట్టుకుని వచ్చారు. మోకాళ్ల లోతులో నిలబడి చేతులు ముంచారు. గొరకలు వచ్చాయి. పిలిచిన ప్రతిసారీ వచ్చాయి. చల్లటి కాలువ వదిలి, ఎండకు కాగి ప్రాణవాయువు తగ్గిన ఒడ్డు నీళ్లలోకి, మనుషుల కాళ్ల మధ్యకు వచ్చాయి. క్షేమం అన్నారు కనుక అక్కడే గుడ్లు విడిచాయి. నీటి మీద తెల్లటి నురగలా తేలిన గుడ్లను జనం కళ్లకద్దుకుని సీసాల్లో పట్టుకెళ్లారు. ఒక్కరూ వల వేయలేదు. ఒక్క చేపనూ ఎవరూ పట్టలేదు.

సత్యవేణి నీళ్లలోకి పరుగెత్తి, "పిలవకండి! గుడ్లు చచ్చిపోతున్నాయి! మీకు దండం పెడతాను, చేతులు పైకి తియ్యండి!" అని అరిచింది.

చంకలో బిడ్డ ఉన్న ఒకామె నొచ్చుకుంది. "మేమేటి సేసినామమ్మా? వల ఎయ్యట్లేదు గదా. మొక్కుకుంటన్నాం. మా పిల్లకి ఒక్క పాలి సూపించుకుని ఎలిపోతాం."

ప్రతి ఒక్కరూ ఒక్కసారే అన్నారు.

సత్యవేణి అధికారులకు విన్నపాలు పెట్టింది. భక్తుల మనసు నొప్పించలేమన్నారు. వేరే దారి లేక ఆమె కోన మధ్య నీటిగొంతు దింపి మూడో మాట పలికించింది. ప్రమాదం. గొరకలు వెనక్కి తిరిగాయి. ఒడ్డునుంచి వేల ఫోనులు 'రండి' అన్నాయి. మళ్లీ ఒడ్డువైపు తిరిగాయి. ఆ రోజంతా అవి రెండు మాటల మధ్య గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. సాయంత్రానికి అలసిపోయినవి పక్కకు ఒరిగి తేలడం మొదలైంది. సత్యవేణి తన చేత్తోనే నీటిగొంతు ఆపేసింది.

జనం రావడం మొదలైన నలభై ఒకటో రోజున శ్రుతి, "కోనలో ఏ శబ్దమూ లేదు," అని చెప్పింది.

పోలయ్య ఆ కబురు కూతురి నోటే విన్నాడు. "మేం తిన్నాం," అన్నాడు. "తరతరాలు పట్టుకుని తిన్నాం. అయినా మిగిలినాయి." ఆ తర్వాత ఆయన కేంద్రానికి రావడం మానేశాడు.

కోన ఒడ్డున పాలరాతి మండపం లేచింది. చేపలు దేవుడిలో కలిసిపోయాయని దాని మీద చెక్కారు. సత్యవేణి మళ్లీ పనిలో పడింది. వేరే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఎనిమిది నెలలకు శ్రుతి ఇంకో సంగతి బయటపెట్టింది. తీరానికి దూరంగా తిరిగే డాల్ఫిన్లను అది తొమ్మిదేళ్లుగా వింటోంది. వాటికి పేర్లున్నాయి. ప్రతి తల్లీ బిడ్డకు ఒక ఈల నేర్పుతుంది. ఆ ఈలతో పిలిస్తే ఆ ఒక్క బిడ్డే పలుకుతుంది. రెండు వందల పన్నెండు పేర్లు శ్రుతి దగ్గర చేరాయి. కొన్ని చనిపోయిన డాల్ఫిన్ల పేర్లు. వాటిని తోటివి ఇంకా అప్పుడప్పుడూ పలుకుతున్నాయి.

ఈ సంగతి సత్యవేణీ రహమతుల్లా ఎవరికీ చెప్పలేదు. అయినా ఎలా పొక్కిందో, ఒక ఉత్తరం వచ్చింది. ఉత్సవ కమిటీవాళ్లు సన్మానం చేయడానికి వస్తున్నారనీ, ఈసారి డాల్ఫిన్లను పిలిపించే ఏర్పాటు గురించి మాట్లాడతారనీ దాని సారాంశం.

వాళ్లు వచ్చే రోజు పొద్దున సత్యవేణి యంత్రం ముందు కూర్చుంది.

"డాల్ఫిన్ల సమాచారం మొత్తం తీసెయ్యి శ్రుతీ."

"మళ్లీ తెలుసుకోవాలంటే తొమ్మిదేళ్లు పడుతుంది. చెరపమంటారా?"

"ముందు పేర్లన్నీ ఒకసారి వినిపించు."

రెండు వందల పన్నెండు ఈలలు, ఒకదాని తర్వాత ఒకటి వినిపించాయి. రహమతుల్లా గోడకు ఆనుకుని విన్నాడు. అవి అయిపోయాక, "చెరుపు," అందామె.

మధ్యాహ్నం సన్యాసిరావు పది మందితో వచ్చాడు. శాలువా కప్పాడు. దండ వేశాడు.

"గొరకల్ని సూపించి మా జన్మ ధన్యం సేసినావు తల్లీ. ఇంక డాల్పిన్లు. మాటాడతాయటగదా?"

"లేదండీ," అంది సత్యవేణి. "వాటికి భాష లేదు. ఊరికే ఈల వేస్తాయి."

సన్యాసిరావు నమ్మలేదు. యంత్రం వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు. నీకు తెలుసా?"

"నా దగ్గర డాల్ఫిన్ల సమాచారం ఏమీ లేదు," అంది శ్రుతి.

అతను చివరికి రహమతుల్లా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు అయిదు పూట్లా నమాజు సేసే మనిసి. అబద్దం ఆడరని ఊరందరికీ తెలుసు. మీరు సెప్పండి బాబూ. దేవుడు ఆటికి మాట ఇచ్చినాడా, లేదా?"

రహమతుల్లా కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు.

"ఇవ్వలేదు," అన్నాడు.

"మూగజీవాలేనన్నమాట, పాపం," అని వాళ్లు నిట్టూర్చారు. కాఫీలు తాగారు. ఫోటోలు దిగి వెళ్లిపోయారు.

సాయంకాలం నమాజు వేళకు రహమతుల్లా వరండాలో ఎప్పటిలాగే చాప పరిచాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. కానీ చాప మీద కాలు పెట్టలేక, పొద్దు గుంకేదాకా దాని పక్కనే నిలబడి ఉండిపోయాడు.