పాడింటి రాధామనోహరం

వీధి చివర పాడుబడ్డ ఇల్లొకటుంది; ఆ పాడింటి పేరెత్తితే చాలు, పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళరట. ఆ గోడంతా రాధామనోహరం తీగ. సాయంత్రం తెల్లగా విచ్చిన పూలు రెండు మూడు రోజుల్లో ఎర్రబడతాయి. ఏ ఇంట్లో పూసినా వాటి తీరే అంత. పాడింట్లో పూస్తే మాత్రం అది నెత్తురంటారు మనవాళ్ళు.

అయినా దర్జీకి అక్కడికి వెళ్ళక తప్పలేదు. ఆయన భార్య మూడేళ్ళు కంటికి రెప్పలా పెంచిన ఇలాంటి తీగే ఆయన కొట్టు బోర్డుని కప్పేసింది. ఆమె లేని పూట చూసి, పెద్ద కత్తెరతో మొదలంటా కోసేశాడు మహానుభావుడు. అడిగితే పాలామె మేక తినేసిందన్నాడు. ఇక చూడండి, ఆడవాళ్ళిద్దరికీ మాటల్లేవు, వారం రోజులుగా ఇంటికి పాలూ లేవు. ఇంకో కొమ్మ తెచ్చి నాటితే గొడవ సద్దుమణుగుతుందని ఆయన ఆశ.

వీధి దీపాలు వెలిగాక బయల్దేరాడు. ఆ గోడ దాకా వెలుగు రాదు. తియ్యటి వాసన... తలకిందులుగా వేలాడుతున్న తెల్లటి పూలు, వందల కొద్దీ... ముదురు కొమ్మ ఒకటి చూసుకుని కత్తెర పెట్టాడో లేదో —

వెనకనుంచి ఎవరో కాలరు పట్టుకున్నారు.

గింజుకుంటే పట్టు ఇంకా బిగిసింది. పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో గోడ అవతల... ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు.

"తల్లీ, ఒక్క కొమ్మే," గొణిగాడు. "మా ఆవిడ తీగని మేక తినలేదు... నేనే కోసేశాను. ఇంకెప్పుడూ అబద్ధమాడను. వదిలెయ్యి తల్లీ."

పట్టు సడలలేదు. మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమాడు. వేలికి ముల్లు గుచ్చుకుంది. ఈ తీగకి ఆకు రాలాక కాడ ఎండి కొక్కెంలా మిగులుతుంది, ఆ కొక్కేలతోనే పైకి పాకుతుంది. అలాంటివి మూడు ఆయన కాలర్లో దిగాయి. ఓస్, ఇంతేనా అని నవ్వబోయాడు.

మరి ఆ ఊపిరి ఎవరిది?

"కత్తెర తెచ్చారుగా," అంది గోడ అవతల నుంచి ఆయన భార్య గొంతు. ఆమె కూడా ఆయనకి చెప్పకుండా కొమ్మ కోసమే వచ్చింది. "నా జడ కూడా చిక్కుకుంది. ముందిటొచ్చి దీన్ని విడిపించండి. మేక సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

గొంతులో కోపమే లేదు... చాలా నెమ్మదిగా అంది.

జడ విడిపిస్తున్నంతసేపూ దర్జీ చేతులు వణుకుతూనే ఉన్నాయట. దెయ్యం భయం మాత్రం అప్పటికే పూర్తిగా పోయింది.