తాగని నీళ్ల తూకం

"మీ మిషను రెండువందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది మేడం."

అతడు ఆమెతో అన్న మొదటి మాట అది. బూట్లూ సాక్సులూ విప్పి, చల్లటి లోహపు పలకల మీద పాదాలు ఆనించి, రెండు చేతులా రెండు పిడులు పట్టుకుని నిలబడ్డ మనిషి అనదగిన మాట కాదు.

ఆమె కాగితం మీంచి తల ఎత్తలేదు. "పొద్దున ఏం తిన్నారు?"

"రెండు అరటిపళ్లు. కానీ నేను ఇంటి దగ్గర తూగే వచ్చాను. యాభై ఎనిమిదీ నాలుగొందలు."

"తినకముందా, తిన్నాకా?"

"తినకముందు."

"అయితే ఆ పళ్లు కూడా మీతోపాటే మిషనెక్కాయి. దింపేసి రండి, సరిపోతుంది."

గోడవార తాడాట ఆడుతున్నవాళ్లు ఆగి మరీ నవ్వారు. అతడు తూనికల శాఖలో ఇన్‌స్పెక్టరని తెలిశాక ఆ నవ్వు పేరుగా మారి, ఆ కిక్‌బాక్సింగ్ జిమ్‌లో అతడు 'తూకంగారు' అయిపోయాడు.

ముప్ఫయ్యేళ్లొచ్చాక అతడు గ్లవ్స్ తొడగడానికి కారణం ఒక మాంసం కొట్టు యజమాని. త్రాసు పళ్లెం కింద అయస్కాంతంతో దొరికిపోయిన ఆ పెద్దమనిషి, తప్పు ఒప్పుకోవడానికి బదులు ఇన్‌స్పెక్టరు కాలరు పట్టుకుని నేలకు జానెడు ఎత్తున లేపాడు. ఆ సాయంత్రం చిరిగిన కాలరు కుడుతూ అక్క అంది: "ఊళ్లో బరువులన్నీ సరిచూస్తావు. నీ బరువు ఎవడు చూస్తాడ్రా?"

చూసే మనిషి జిమ్‌లో దొరికింది. ఆమె అక్కడి న్యూట్రిషనిస్టు. మిషను ఒంట్లోకి తెలియనంత సన్నటి కరెంటు పంపుతుందనీ, కండలో నీరుంటుంది కనుక కరెంటు సులువుగా పారుతుందనీ, కొవ్వు దాన్ని అడ్డుకుంటుందనీ, ఆ తేడానుబట్టే ఏది ఎంతో లెక్క కడుతుందనీ ఆమె చెప్పింది.

"అందుకే ముందురోజు మామూలుగా నీళ్లు తాగి రండి. ఒంట్లో నీళ్లు తగ్గితే ఉన్న కండ కూడా దీనికి కనపడదు. కొవ్వని రాసేస్తుంది."

అప్పుడే కోచ్ లోపలికొచ్చి అద్దాల అలమార చూపించాడు. అందులో డబ్బాలు వరసగా సైనికుల్లా నిలబడి ఉన్నాయి. "తమ్ముడూ, కొత్తగా మొదలెట్టావు. ఒక మల్టీవిటమిన్, ఒక ప్రొటీన్ పొడి, దెబ్బలు తిన్నాక తేరుకోవడానికి ఇంకోటి."

"ఆయన రక్తపరీక్ష చూశాను కోచ్. తక్కువైంది డి విటమిన్ ఒక్కటే. డాక్టరు రాసిన మాత్ర వారానికొకటి. మిగతాదంతా గుడ్లు, పాలు, పప్పు, పళ్లు, ఎనిమిది గంటల నిద్ర."

"అందరూ వాడుతున్నారు కదమ్మా."

"అక్కర్లేని విటమిన్లు చాలావరకు ఒంట్లో నిలవకుండా బయటికి పోతాయి కోచ్. ఈ వీధిలో అందరికంటే బలంగా ఉన్నది మన మురుగుకాలవే."

కోచ్ నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాడు, నమ్మినదాన్నే అమ్మేవాడు. వాళ్లిద్దరి మధ్య అప్పటికే ఒక ఒప్పందం కుదిరింది. కొత్తగా చేరిన పదిమంది పన్నెండు వారాలపాటు డబ్బాలు ముట్టరు. వాళ్ల అంకెలన్నీ ఆమె తన నీలం నోటుబుక్కులో రాస్తుంది.

"కండ పెరిగితే ఈ అలమార పోతుంది," అందామె, బుక్కు మూస్తూ. "పెరక్కపోతే నేను పోతాను."

నవ్వుతూనే అంది. అతడికి ఆ నవ్వే గుర్తుండిపోయింది.

మొదటి నెల అందరికీ శనివారం శనివారం కొలత. ఆ పది నిమిషాలూ ఆమె అడిగేవన్నీ చిన్న ప్రశ్నలే. ఎన్ని గుడ్లు తిన్నారు? రాత్రి ఎన్నిసార్లు మెలకువొచ్చింది? ఒక మనిషి కంటినిండా నిద్రపోయాడా లేదా అన్నది ఇంకో మనిషి కాగితం మీద రాసుకునేంత విషయమని అతడు అంతవరకూ ఎరగడు. రోజంతా వస్తువులను తూచే అతడికి, తాను తూచదగినవాడినన్న అనుభవం కొత్తగా, కొంత భయంగా, మరింత తీయగా ఉంది.

ఒక శనివారం, వర్షానికి తడిసి వచ్చిన అతడు తన వంతు కోసం తలుపు దగ్గర నిలబడి ఉండగా, ముందున్న మనిషితో ఆమె అంది: "నెంబరు బాగుంది. మీరిక నెలకొకసారి రండి చాలు. బాగాలేనివాళ్లే వారం వారం రావాలి."

మిగతా రోజులు ఆ గది పోటీలకు వెళ్లేవాళ్లది. అతడికున్నది శనివారమొక్కటే. కాఫీకి రమ్మని అడగడానికి ధైర్యం కావాలి. దాహానికి ఓర్పు చాలు. ధైర్యం నేర్చుకోవడానికి వచ్చిన చోట అతడు ఓర్పును ఎంచుకున్నాడు.

ఆ తరువాతి శుక్రవారం మధ్యాహ్నం నుంచి అతడు నీళ్లు ముట్టలేదు.

శనివారం ఆమె కాగితాన్ని రెండుసార్లు చూసింది. "ఇదేంటి? బరువు పెరిగింది, కండ తగ్గింది. వచ్చేవారం కూడా రండి."

వచ్చేవారమూ వెళ్లాడు. ఆ పై వారమూ.

అక్క దగ్గర మాత్రం దాచలేకపోయాడు. "ఏరా, గ్లాసు ముందు పెడితే పామును చూసినట్టు చూస్తావేం?"

"రేపు టెస్టుందక్కా."

"టెస్టా, మేడమా?"

అతడు నీళ్లు నమిలాడు. ఆ రోజు అతడి నోట పడ్డ నీళ్లు అవే. విషయం విని అక్క చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"నెంబరు బాగా రావాలని తంటాలు పడేవాళ్లని చూశాను గానీ, చెడగొట్టుకునేవాణ్ణి నిన్నే చూశాన్రా. అయస్కాంతం పెట్టినవాడికి నువ్వేం శిక్ష వేశావు?"

"అది వేరు."

"ఏం వేరు? వాడు తూచిందీ మాంసమే, నువ్వు తూగుతున్నదీ మాంసమే. కంచే చేను మేస్తే ఇక చెప్పేదెవరికి? ఆ పిల్ల ఉద్యోగం దాని మీద ఉందన్నావుగా!"

"పదిమందిలో నేనొక్కణ్ణి అక్కా. ఏమవుతుంది?"

కానీ పదిమంది పదిమందిగా ఉండలేదు. చెయ్యి విరిగి ఒకరు, ఊరు మారి ఒకరు, పెళ్లి కుదిరి ఒకరు, మొదటి గుద్దు ముక్కుకు తగలగానే జ్ఞానోదయమై నలుగురు మానేశారు. ఎనిమిదో వారానికి నీలం బుక్కులో మిగిలింది ముగ్గురు.

ఆమె అతడి కోసం తిండి పట్టిక మూడుసార్లు మార్చింది. మళ్లీ రక్తపరీక్ష రాయమని డాక్టరుకు ఫోన్ చేసింది. ఇంటి నుంచి ఉడికించిన గుడ్లు తెచ్చి, ఉప్పు పొట్లంతో సహా అతడి ముందు పెట్టి, తినేదాకా కూర్చుంది.

"మీకెందుకండీ శ్రమ?"

"శ్రమ కాదు, భయం," అంది. "నా లెక్కలోనే ఎక్కడో తప్పుందేమో. నేను చెప్పేదే తప్పేమో."

చెప్పేయవలసిన క్షణం అది. అతడు తేలు కుట్టిన దొంగలా గుడ్డు నమిలాడు. చెబితే ఆమె భయం పోతుంది, శనివారాలు కూడా పోతాయి. ఆమె భయం కంటే తన శనివారం బరువైనదని ఆ క్షణాన తన లోపలి త్రాసు చూపించింది. ఆ త్రాసును సరిచూసి ముద్ర వేసిందెవరో అతడు ప్రశ్నించుకోలేదు.

పన్నెండో శనివారం కోచ్ నీలం బుక్కు చేతిలోకి తీసుకున్నాడు.

"ముగ్గురు. ఒకడు పెరిగాడు. ఒకడు అంతంతమాత్రం. మన తూకంగారికి పెరిగిన బరువంతా కొవ్వే." ఆయన గొంతులో విజయం లేదు, జాలి ఉంది. "మేడం, తిండి పెట్టి కొవ్వు పెంచామని బయట చెప్పుకోమంటారా?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. అప్పుడు అతడు చెప్పాడు. శుక్రవారాలు, గ్లాసులు, ఎండిన నాలుక, అంతా చెప్పాడు.

కోచ్ నవ్వేశాడు. "తమ్ముడూ, నువ్వు ఈవిడ కోసం ఏమైనా చెప్తావని తాడాట ఆడేవాళ్లకి కూడా తెలుసు."

"రేపు నీళ్లు తాగి వస్తాను. తూచండి."

ఆదివారం పొద్దున అతడు మిషనెక్కాడు. ఆమె, కోచ్ చెరోపక్కా నిలబడ్డారు. కాగితం బయటికొచ్చింది. కండ రెండు కిలోల పైచిలుకు పెరిగింది, కొవ్వు తగ్గింది. బుక్కులో మిగిలిన ముగ్గురి అంకెల్లోనూ అదే మంచిది.

అతడు ఊపిరి పీల్చుకున్నాడు. కోచ్ మాత్రం కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"సరే, నమ్మాను. ఇప్పుడు చెప్పండి మేడం. కాసిని నీళ్లు మానేస్తే ఇంత మారిపోయే అంకెలు కదా. మిగతా ఇద్దరూ తాగే వచ్చారని మీరు చెప్పగలరా?"

ఆమె మిగతా ఇద్దరి పేజీలూ తిప్పి చూసింది. "చెప్పలేను," అంది. అబద్ధం ఒక్క పేజీనే పాడుచేసింది. నిజం బుక్కు మొత్తాన్ని మింగింది.

కోచ్ బుక్కు బల్ల మీద మెల్లగా పెట్టి, అలమార తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె సంచిలో పెన్నులు, టేపు, ఉప్పు డబ్బా సర్దుకుంటోంది. చేతులు కాలాక పట్టుకునే ఆకుల్లాంటి మాటలే అతడి దగ్గర మిగిలాయి.

"మీరంటే ఇష్టం. అందుకే..."

"ఇష్టమని తెలుసు. ఆరో వారానికే తెలిసింది."

"మరి ఎందుకు ఏమీ అనలేదు?"

"నా దగ్గర కొలతకొచ్చే మనిషితో బయటికెళ్లకూడదని నాకో నియమం ఉంది." ఆమె సంచి జిప్పు లాగింది. అది సగంలో ఆగిపోయింది. "మీ నెంబరు బాగుపడితే వేరేవాళ్లకి అప్పజెప్పి, నేనే కాఫీకి పిలుద్దామనుకున్నాను. ప్రతి శనివారం కాగితం బయటికొచ్చేటప్పుడు దండం పెట్టుకునేదాన్ని."

ఆమె జిప్పు వదిలేసి అతడి వైపు తిరిగింది.

"మీరు నన్ను చూడ్డానికొచ్చారు. నేనూ మిమ్మల్నే చూస్తున్నాననుకున్నాను. ఇన్ని వారాలూ నేను చూసిన మనిషి అసలు లేడు."

"ఇప్పుడున్నాడు కదా," అన్నాడతడు. "ఆ కాగితంలో ఉన్నది నేనే."

ఆమె కాగితం అందుకుంది. నీలం బుక్కులో అతడి పేజీ తెరిచి, ఎవరూ ఇక చదవని ఆ వరుసలో, పన్నెండో వారం ఎదురుగా, నిజమైన అంకెను పొందికగా రాసింది. సిరా ఆరేదాకా ఆగింది. పన్నెండు వారాల అలవాటు ఆమె గొంతులోకి దానంతటదే వచ్చింది.

"బాగుంది," అంది. "మీరిక రానక్కర్లేదు."