ఆకు చాటు తూటా

పరుగు!

అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు రామచందర్ పరుగెత్తుతున్నాడు. పొద్దున పదిన్నర దాటింది. కాలి చెప్పు తెగింది. ఆగడం లేదు.

"ఏందయ్యా, కండ్లు కనవడ్తలేవా?" రిక్షావాడు అరుస్తున్నాడు.

సమాధానం చెప్పే తీరిక ఎక్కడిది?

పదకొండింటికి అతని చెల్లెలు విద్యావతి నాంపల్లి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కళ్లారా చూసిన హత్య!

ఆమెను చంపబోయే తూటాలు... ఇందాక తనే అమ్మాడు!

అబిడ్స్‌లో తుపాకుల దుకాణం. ఇరవై రెండేళ్లుగా రామచందర్ అక్కడే సేల్స్‌మన్. ఇవాళ తలుపులు తెరవగానే వెంకటనర్సయ్య అనే పటేల్ వచ్చాడు. లైసెన్స్‌లో రెండు రైఫిళ్లు.

"చేన్ల అడివి పందులు పడ్తున్నయి. గా సన్న తూటాలియ్యి," అన్నాడు.

"పందికి గివేం పనికొస్తయి పటేలా? గివి నక్కలకు, కుందేళ్లకు. మస్తు స్పీడ్ పోతయి, సూటిగ కొడ్తయి. గనీ జర ఆకు తగిల్తె చాలు... చిట్లిపోతయి!"

పటేల్ నవ్వాడు. డబ్బులు తీసుకుని రామచందర్ రసీదు రాయడానికి లోపలి గదిలోకి వెళ్లగానే కౌంటర్ మీది ఫోన్ ఎత్తి గొంతు తగ్గించాడు.

"కోర్టు ఎదురుంగ లాడ్జి... మేడ మీది రూం తయారేనా? గా విద్యావతి టీచరమ్మ పదకొండింటికి వస్తది గదా?"

లోపల ఉన్న రామచందర్‌కు ఆ మాటలన్నీ వినపడ్డాయి.

బయటికొచ్చేసరికి పటేల్ లేడు! పోలీసులకు ఫోన్ చేస్తే ఎంగేజ్... మళ్లీ ఎంగేజ్!

అమ్మో... ఇంక ఐదు నిమిషాలే!

కోర్టు గేటు. జనం. నల్లకోట్లు. అదిగో విద్య! మెట్ల ముందు, ఎండలో, ఒంటరిగా...

ఎదురుగా లాడ్జి. మేడ మీద ఒకే ఒక్క కిటికీ తెరిచి ఉంది. పరదా కదులుతోంది!

"విద్యా!"

చెయ్యి పట్టి లాగుతాడు. కోర్టు తలుపు దాకా ఇరవై మెట్లు... అంతా బయలు! పక్కనే చింతచెట్టు. కొమ్మలు కిందిదాకా వేలాడుతున్నాయి. ఆ ఆకుల చాటుకు లాక్కుపోతాడు.

"ఏందన్నా గిట్ల? ఏమైంది?"

"నిన్ను చంపనీకి వచ్చిండు! గా కిటికీల ఉన్నడు! మా దుకాన్లనే తూటాలు కొన్నడు... ఫికర్ చెయ్యకు. సన్న తూటా. ఆకు తగిల్తె చిట్లిపోతది. గీడ్నించి కదలకు!"

విద్యావతి అన్న చెయ్యి పట్టుకుంటుంది. "ఏమని చెప్పి కొన్నడు?"

"అడివి పందులకని."

ఆమె అన్న ముఖంలోకి చూస్తుంది. అన్నం ముందు కూర్చున్నా తూటాల పాఠమే చెప్పే అన్న!

"పందికి సన్నది పనికిరాదని తెలిసి... నువ్వు ఊకున్నవా అన్నా? పెద్దది గూడ ఇయ్యలేదా?"

రామచందర్ కిటికీ వైపు చూస్తాడు.

ఇచ్చాడు!

"గిది బరువు తూటా పటేలా! పొద చాటున్న పందినైనా పడగొడ్తది, ఒంట్లకెల్లి అవతలికి దూసుకపోతది!" అని చెప్పి మరీ... ఆ రెండో డబ్బా కూడా అతని చేతిలో పెట్టాడు!

"ఔ... ఇచ్చిన," అంటాడు.

ఆకుల సందులోంచి కిటికీలో ఏదో తళుక్కుమంది...

"విద్యా! కింద పడు!"

ఆమెను నేలమీదికి తోసి, మీద పడి కప్పేస్తాడు. కానీ ఆ తూటా తనలోంచి కూడా దూసుకుపోతుంది... ఆ సంగతీ పొద్దున తనే చెప్పాడు!

ఢాం!