వీపు మీది ఇసుక

మార్చి పదకొండు, ఆదివారం. ఆ పొద్దున ఐవిండ్ ఓట్స్ జావ తాగి, బెల్లం రంగు మేకపాల చీజ్ పెట్టుకుని రొట్టె తిన్నాడు. అత్తగారు ఓస్‌లౌగ్ ఉడికించిన గుడ్డు తింది. ఐవిండ్ పదిహేడేళ్ళ కూతురు సున్నివ ఒక కప్పు వేడినీళ్ళు తాగింది.

"ఏదైనా తినవే తల్లీ, గాలేస్తే ఎగిరిపోయేట్టున్నావు," అంది ఓస్‌లౌగ్.

"తిరిగొచ్చాక తింటా అమ్మమ్మా. ఇంకా సంపాదించుకోలేదుగా."

"సంపాదించుకోవడానికి నువ్వేమైనా కూలికి పోతున్నావా?"

ఐవిండ్ నవ్వేశాడు. మంచులో తిరిగొచ్చిన వాళ్ళకే వేడి వాఫుల్ అట్టు అని అతని తండ్రి అనేవాడు. వాళ్ళుండే ఆ కొండలోయలో ప్రతి ఇంట్లోనూ అనే మాటే అది.

సున్నివ సంచి తగిలించుకుని, మంచు మీద జారే స్కీలు పట్టుకుని వెళ్ళిపోయింది. వచ్చే శనివారమే కొండ దాటే పోటీ. పసివాడైన రాజకుమారుణ్ణి మోసుకుని మంచుకొండ దాటిన యోధుల జ్ఞాపకంగా ఆ పోటీలో అందరూ వీపున బరువు మోయాలి. అందుకే సాధన చేసేవాళ్ళు సంచితోనే త్రాసెక్కి, ఆ బరువునే చేతి గడియారానికి చెబుతారు. మోసేదీ శ్రమే కదా. ఒంటి బరువు, శ్రమ, పట్టిన సమయం, ఈ మూడూ కలిపితే ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో అంచనా వస్తుంది. బడిలో వ్యాయామం చెప్పే ఐవిండే కూతురికి ఆ లెక్క నేర్పాడు. గడియారం చూపించేవన్నీ అతని ఫోన్లోనూ కనిపిస్తాయి.

"పిల్ల చిక్కిపోతోంది అబ్బాయ్," అని అత్తగారు శీతాకాలమంతా పోరుతూనే ఉంది.

"చూడండి అత్తయ్యా, బరువు ఇసుమంతైనా తగ్గలేదు," అని అతను ఫోన్ చూపిస్తూనే ఉన్నాడు. భార్య పోయాక ఇంట్లో ఒక్క విషయమైనా సవ్యంగా ఉందనుకోవడం అతనికి ఊరటగా ఉండేది.

మధ్యాహ్నం సున్నివ తిరిగొచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. సంచి గుమ్మంలోనే దించి, వేడినీళ్ళతో స్నానం చేస్తానని లోపలికి వెళ్ళింది. సంచి పొయ్యి దగ్గర ఆరబెడదామని ఓస్‌లౌగ్ పట్టీ పట్టుకుని లాగింది. అది కదల్లేదు.

"అబ్బాయ్, ఇలా రా! ఇందులో బండలున్నాయా ఏమిటి?"

ఐవిండ్ విప్పి చూశాడు. ఉన్ని స్వెట్టర్ కింద ఇసుక మూటలు ఉన్నాయి. మెట్ల మీద మంచుగడ్డకి జారిపడకుండా చల్లే ఇసుక. ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టాడు.

తడి జుట్టుతో బయటికొచ్చిన సున్నివ ఆ మూటలు చూసి గోడకి ఆనుకుంది.

"త్రాసెక్కు," అన్నాడు ఐవిండ్.

"ఇప్పుడెందుకు నాన్నా?"

"ఎక్కమన్నాను."

ఎక్కింది. అలాంటి అంకె అతను బడిలో ఏడో తరగతి పిల్లల దగ్గర చూసేవాడు.

"ఎన్నాళ్ళుగా మా కళ్ళు కప్పుతున్నావు?"

"మీ కళ్ళు కప్పడానికి కాదు నాన్నా! నేను తగ్గేకొద్దీ గడియారం ఖర్చు తక్కువ చూపిస్తోంది. అంతే దూరం వెళ్ళినా తక్కువే. ఇక నేను తినేదెప్పుడు? ఇసుక వేసుకుంటే లెక్క పెరిగింది. ఇంకో రొట్టె ముక్క తినగలిగాను."

"తినడానికా?" అతను ఇసుక మూటల వంక చూశాడు. "తినడానికా ఇదంతా?"

"నాకు ఆకలి నాన్నా. ఎప్పుడూ ఆకలే."

పిల్లకి ఆకలే తక్కువని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఓస్‌లౌగ్ కుర్చీలో కూలబడింది. "ఈ ఇంట్లో తిండి పెట్టేది నేనా, ఆ గడియారమా?" అని ముఖం కప్పుకుంది.

ఐవిండ్ డాక్టరుకి ఫోన్ చెయ్యబోతే సున్నివ మీదపడి లాక్కోబోయింది. "పోటీ పోతుంది! నాకున్నదల్లా అదొక్కటే! నువ్వంటే నాకసహ్యం!" పిడికిళ్ళతో అతని ఛాతీ మీద కొట్టింది. ఆ దెబ్బల్లో పసిపిల్ల బలం కూడా లేదు. అందుకే అతనికి ఏడుపొచ్చింది.

"కొట్టు తల్లీ, కొట్టు. నేను నీకు సగం లెక్కే నేర్పాను. అది వట్టి అంచనా. అసలు ఖర్చు పరుగులో లేదు. నువ్వు మంచం దిగకపోయినా గుండె కొట్టుకోవాలి, ఊపిరాడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. రోజులో ఎక్కువ దానికే పోతుంది. ఆ తిండి ఎవ్వరూ సంపాదించక్కర్లేదు. బతికున్నందుకే అది."

"అబద్ధం," అంది. కానీ కొట్టడం ఆపింది.

ఫోన్ చేస్తే వచ్చిన డాక్టరు నాడి చూశాడు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళమని అన్నాడు. దారంతా సున్నివ అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

ఆసుపత్రిలో వెన్న రాసిన రొట్టె, చేపల సూప్ తెచ్చారు. ఎవరూ చూడకపోతేనే పిల్ల తింటుందని, నర్సు పళ్ళెం వంక చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏదో అల్లుకుంటూ ఉండిపోయింది. ఆ చూడకపోవడానికి ఐవిండ్ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. సూప్ ముట్టకుండానే చల్లారిపోయింది. రొట్టెలో సగం మాత్రం సున్నివ ఏడుస్తూనే, చాలాసేపు నమిలి, మింగింది.

తర్వాత దుప్పటి లాక్కుని పడుకుంది.

"నాన్నా, నిద్రపోయినా ఖర్చవుతుందా? నిజంగా?"

"నిజంగా. పడుకో."

సున్నివ ఊపిరి నిలకడగా సాగేదాకా చూసి, నర్సు అల్లిక చుట్టుకుని లేచింది. కుర్చీలో ఉన్న ఐవిండ్ కాళ్ళ మీద దుప్పటి కప్పి బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.