సవరణలు చూపించాలా?

ఎర్రమిట్టలో సాయంత్రం షిఫ్టు దిగాక ఎవరి గదిలోంచైనా నవ్వు వినబడితే, ఆ నవ్వు తెప్పించిన మాట పుట్టి చాలాసేపైందని అందరికీ తెలుసు. అంగారకుడి మీద మంచు తవ్వడానికి కట్టిన ఊరది. భూమి నుంచి బయల్దేరిన మాట అక్కడికి చేరడానికి పన్నెండు నిమిషాలు, దానికి జవాబు వెళ్ళడానికి ఇంకో పన్నెండు. గ్రహాలు దూరం జరిగే కాలంలోనైతే ఇంకా ఎక్కువే. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా ఈ లెక్కలోనే పోట్లాడుకోవాలి, కోపం చల్లారిపోయాక ఎదుటివాళ్ళ తిట్టు వచ్చి చేరుతుంది.

పేరులో భూమిని పెట్టుకుని అంగారకుడి మీద బతుకుతున్న భూమేశ్‌కు ఈ ఆలస్యమంటే ఒళ్ళు మంట. అతని అక్క గంగామణి జ్వరంతో పోయి చాలా ఏళ్ళైంది. ఆమె భర్త లింబాద్రి ఆర్మూర్‌లో కోత యంత్రాలు బాగుచేస్తాడు. తల్లీతండ్రీ లేని భూమేశ్‌ను బడిలో వేసిందీ, కబడ్డీ నేర్పిందీ, రాకెట్ ఎక్కేరోజు కన్నీళ్ళు కనబడకుండా ముఖం తిప్పుకున్నదీ ఆ బావే. కాంట్రాక్టు ముగియగానే భూమేశ్ దిగిరావాలి, ఇద్దరూ కలిసి పెద్ద షెడ్డు వేయాలి. బావా బామ్మర్దుల ఒప్పందం అది. అంతవరకు రోజూ ఒక ఆట ఆడుకోవాలి.

ఆటంటే పులిజూదమే. భూమేశ్ దగ్గరున్న పాత గేమింగ్ కంప్యూటర్‌లో ఒక మేకను జరిపి, స్నానం చేసి, అన్నం తిని వస్తే అప్పటికి బావ పులి కదిలి ఉండేది. ఒకసారి తెర మీదే కబడ్డీ కూడా ప్రయత్నించారు. భూమేశ్ ఒడుపుగా బావ కాలు పట్టుకునేసరికి, ఆ బావ ఎప్పుడో గీత దాటిపోయి టీ తాగుతున్నాడు. ఆ తర్వాత కబడ్డీ మాట ఎవరూ ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో 'ముందుచూపు' కార్డు వచ్చింది.

మామూలు గ్రాఫిక్స్ కార్డు తన దగ్గరికి చేరిన బొమ్మను గీస్తుంది. ఇది చేరబోయే బొమ్మను గీస్తుంది. దానితోపాటు వచ్చే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు 'సంధి' అని పేరు పెట్టారు. అది ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచిన ఆటలనూ మాటలనూ చదివి, అవతలి మనిషికి ఒక 'నీడ'ను తయారుచేస్తుంది. ఎటు ఉరుకుతాడో, దేనికి నవ్వుతాడో, ఏ మాటకు ఏ మాట అంటాడో ఆ నీడకు తెలుసు. కార్డు ఆ నీడను రెప్పపాటు ఆలస్యం లేకుండా కళ్ళెదుట నిలబెడుతుంది. తీరిగ్గా అసలు మనిషి మాట వచ్చి చేరాక సంధి రెండింటినీ పోల్చి చూసి, తేడా ఉన్నచోట దిద్దుతుంది. ఆ దిద్దుబాటు పేరు 'సవరణ'. చిక్కేమిటంటే, కొత్త కార్డు పాత సిస్టమ్ మీద నడవదు, కొత్త సిస్టమ్ పాత కార్డును దగ్గరికి రానివ్వదు. మారిస్తే రెండూ మార్చాలి. పైగా ఆ కార్డు తాగే కరెంటుకు బదులుగా భూమేశ్ చలికాలమంతా తన వేడినీళ్ళ కోటా వదులుకోవాలి.

"చన్నీళ్ళతోని స్నానం చేస్తవా? ఈ చలిలనా?" అంది పర్వీన్. ఎర్రమిట్టలో కంప్యూటర్లన్నీ చూసుకునే ఇంజనీరు ఆమె, హైదరాబాద్ మనిషి.

"కబడ్డీ ఆడొచ్చు పర్వీన్."

"ఎవరితోని?"

"ఇంకెవరితోని? మా బావతోని."

"బావ నీడతోని," అంది ఆమె, తల ఎత్తకుండా.

"సవరణ ఉంటది గదా. నిజం బావ ఏం జేసిండో అరగంటకు తెల్వనే తెలుస్తది."

"తెలుస్తది. తెలుసుకోవాల్నని నీకుండాలె." పర్వీన్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. "నేనైతే పాతదే ఉంచుకున్న. మా అమ్మ తిట్లు లేటుగ వస్తయి, సగం తెగిపోయి వస్తయి. అయినా మా అమ్మ తిట్లే కావాలె నాకు. నీ ఇష్టం మరి."

భూమేశ్ వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాడు. పాత సిస్టమ్ బాగానే నడుస్తోంది. దానికిక మరమ్మతులు పంపబోమని తయారుచేసినవాళ్ళు చెప్పారు గానీ, పులిజూదానికి మరమ్మతులెందుకు? అలా సర్దిచెప్పుకుంటుండగా లింబాద్రి నుంచి కబురొచ్చింది.

"ఏందిరా బామ్మర్ది, ఇంక ఆ డబ్బానే నడుపుతున్నవా? నేను నిన్ననే మార్పిచ్చిన. కబడ్డీల ఓడిపోతనని భయమైతుందా? చెప్పు, చీరె పంపిస్త, కట్టుకొని గీత అవతల కూసో."

బావ ఇంత మాట అన్నాక ఏ బామ్మర్దీ ఆగడు. మర్నాడే భూమేశ్ కార్డు బిగించుకున్నాడు.

మొదటి సాయంత్రం లింబాద్రి ఎర్రమిట్టలోని ఆ ఇరుకు గదిలో నిలబడి తొడగొట్టగానే భూమేశ్‌కు ఏడుపొచ్చింది. "ఏడుస్తే పాయింట్లు రావురా," అన్నాడు బావ, వెంటనే, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా. అప్పటికి భూమేశ్ ఆ గొంతును ఆలస్యం లేకుండా విని ఆరేళ్ళు దాటింది. ఊపిరి ఆగిపోయేదాకా ఇద్దరూ కూత పెట్టారు. చన్నీళ్ళ స్నానం కూడా హాయిగానే అనిపించింది.

సవరణలే చంపుకు తినేవి. బావను పట్టి, గెలిచి, గదంతా గంతులేశాక ఎప్పటికో సంధి గొంతు మర్యాదగా పలికేది: "సవరణ వచ్చింది. లింబాద్రి గారు నిజానికి ఎడమకు తప్పుకున్నారు. మీ పట్టు చెల్లదు. పాయింటు వెనక్కి తీసుకుంటున్నాను." గంతులేసిన కాళ్ళు సిగ్గుపడేవి. ఎర్రమిట్టలో చాలామంది మొదటి నెలలోనే సవరణలు ఆపేసుకున్నారు. భూమేశ్ ఆపలేదు. ఓడినా బావ చేతిలోనే ఓడాలని అతని పట్టుదల.

ఆ పట్టుదల చలికాలం దాటింది గానీ, కాంట్రాక్టు ముగిసే రోజు దాకా నిలవలేదు.

మంచు సెక్షన్‌కు భూమేశ్‌ను పెద్దను చేస్తామన్నారు. పదేళ్ళు ఉండాలన్నారు. ఆర్మూర్‌లో షెడ్డు కింద గ్రీజు పూసుకునే బతుకు ఒకవైపు, తన మాట మీద వందమంది కదిలే బతుకు ఒకవైపు. నిజం చెప్పాలంటే భూమేశ్ ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆలోచించినదంతా బావకు ఎలా చెప్పాలన్నదే. చివరికి ఆట మధ్యలో, ఊపిరి తీసుకునే నెపంతో చెప్పేశాడు.

"బావా, నేను ఈ రాకెట్‌కు వస్తలేను. సెక్షన్ నాకే అప్పజెప్పిండ్రు. ఇంకో పదేండ్లు ఉంటనని చెప్పిన."

నీడ పెద్దగా నవ్వింది. "పదేండ్లేనా? నేను ఇరవై అనుకున్న. పెద్ద దొరవైనవుపో! షెడ్డు యాడికి పోతదిరా, నువ్వు ఆట కానియ్యి."

భూమేశ్ గుండె మీద బరువు దిగింది. తొడగొట్టి మళ్ళీ కూత అందుకున్నాడు. కానీ గోడ మీద గడియారం కనబడుతూనే ఉంది. అసలు మాట బావకు చేరి, అసలు జవాబు బయల్దేరి వస్తుంది. రాకెట్ ఎక్కేరోజు తిప్పుకున్న ఆ ముఖం ఈసారి తిప్పుకోకుండా ఎదురుగా కనబడుతుంది. దానికి భూమేశ్ సిద్ధంగా లేడు. కూత మధ్యలో ఆపాడు.

"సంధీ, సవరణలు ఆపెయ్యి."

"ఈ ఒక్కటేనా, ఇకముందు వచ్చేవన్నీనా?"

"అన్నీ."

"సరే. ఎర్రమిట్టలో ఎక్కువమంది ఇలాగే ఎంచుకున్నారు," అంది సంధి, ఓదారుస్తున్నట్టు.

నౌక వెళ్ళిపోయింది. దాని తర్వాత మళ్ళీ రెండేళ్ళ దాకా ఇంకో నౌక లేదు. బావ ఏనాడూ నొచ్చుకున్నట్టు కనబడలేదు. పైగా ఆట మునుపటికన్నా బాగుంది. భూమేశ్ అలసి వచ్చిన రోజు బావ కొద్దిలో ఓడిపోయేవాడు, విసుగ్గా ఉన్నరోజు గెలిచి రెచ్చగొట్టేవాడు. వేళాకోళం కూడా ఎంత కావాలో అంతే ఉండేది. సవరణలు ఆపాక నీడ నేర్చుకునేది బావ నుంచి కాదు, తన ముఖంలోని సంతోషం నుంచేనని భూమేశ్‌కు తెలుసు. తెలిసిన సంగతిని ఎక్కువగా తలుచుకోకపోవడం కూడా ఒక నేర్పే. అది అతనికి బాగా అబ్బింది.

కొన్ని నెలలకు కార్డు ఫ్యానులో ఎర్రదుమ్ము పేరుకుని బొమ్మ ఆగిపోయింది. పర్వీన్ వచ్చి కార్డు ఊడదీసింది. శుభ్రం చేసేదాకా ఉండనీ అని మూలనున్న పాత కార్డును, పాత సిస్టమ్‌ను పెట్టింది. ఆ పాతదానికి నీడలు చేయడం రాదు. వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపించడం ఒక్కటే దానికొచ్చిన విద్య.

తెర మీద అసలు లింబాద్రి కనబడ్డాడు.

మనిషి చిక్కిపోయాడు. దుకాణం వెనక గదిలో ఒక్కడే కూతపెడుతూ గాలిని పట్టుకుంటున్నాడు. కాలు జారి కిందపడి, ఎవరో ఏదో అన్నట్టు పగలబడి నవ్వాడు. లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బావా!" అని అరిచాడు భూమేశ్. "నేను, భూమేశ్‌ను! నిజం భూమేశ్‌ను! ఇటు సూడు!"

అరుపు చేరి జవాబు రావాలంటే ఎదురుచూడాలి. ఈలోగా బావ ఎదురుగా ఉన్న ఖాళీతో మాట్లాడుతూనే ఉన్నాడు.

"వచ్చే నెలనే గదరా దిగుతవు. షెడ్డుకు రంగేపిచ్చిన, నువ్వన్న పచ్చ రంగే." భూమేశ్ ఏ రంగూ అనలేదు. "కార్డు ఇంకోటి తెచ్చిన. గీ కండ్లద్దాలు పెట్టుకుంటే ఇంట్ల అంతట కనవడతవంట. ఒక్క మాట చెప్తరా, మనసుల వెట్టుకోకు. ఆ మీదున్నోడు రానన్నడు. పదేండ్లు అన్నడు. నేను జవాబు పంపిన. ఒకటి గాదు, పొద్దందాక పంపిన. రా బిడ్డా, నేనొక్కన్నే అయిన అని అడుక్కున్న. వాడు ఉలకలే, పలకలే. నేను ఏడుస్తుంటే వాడు తొడగొట్టి ఆట ఆడిండు. నా కండ్లతోని సూసిన. గప్పుడే సవరణలు బంద్ వెట్టిన." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వైతే వస్తనన్నవు. నాకు నువ్వు సాలు."

భూమేశ్ అరుపు భూమిని చేరి జవాబు రావాల్సిన సమయం దాటింది. లింబాద్రి తలతిప్పి చూడలేదు. ఖాళీ మీదికి వేలు చూపించి ఏదో పాత సంగతికి నవ్వుతున్నాడు.

"ఆయన దిక్కు బంద్ ఉంది," అంది పర్వీన్ గుమ్మంలోంచి. "నువ్వెంత మొత్తుకున్నా వినవడది."

"రాసి పంపిస్త."

"రాసిందైనా సంధి నుంచే పోవాలె. నీడకు సరిపోయేటట్టు మార్చి చెప్తది."

"ఊర్లె ఎవరినన్న పంపి చెప్పిస్త."

"ఏమని చెప్పిస్తవ్? ఆయనకు తెల్వదా ఏంది? అంత తెలిసే గదా బంద్ వెట్టుకున్నడు."

"తర్వాతి రాకెట్‌కు నేనే పోత."

శుభ్రం చేసిన కార్డును పర్వీన్ మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టి, "పెట్టాల్నా వద్దా, నువ్వే చెప్పు," అని వెళ్ళిపోయింది.

భూమేశ్ దాన్ని ముట్టుకోలేదు. షిఫ్టు దిగిన దగ్గర్నుంచి పాత తెర ముందు కూర్చుని, తనను కాకుండా ఇంకెవరినో ప్రేమిస్తున్న బావను చూసేవాడు. తను ఎక్కని ఆ నౌక భూమ్మీద దిగిన రోజు లింబాద్రి కొత్త అంగీ తొడుక్కుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు తలుపు పూర్తిగా తీసి, ఎవరో లోపలికి వచ్చేదాకా పక్కకు జరిగి నిలబడ్డాడు. కళ్ళద్దాల వెనక ముఖం వెలిగిపోతోంది. అన్నం రెండు కంచాల్లో పెట్టాడు. తన కంచం ఖాళీ చేసి, "తిను బిడ్డా, తిను," అంటూ రెండో కంచంలో ఇంకొంచెం వడ్డించాడు.

ఆ ఇంట్లోకి ఇక భూమేశ్ వెళ్ళినా అతనికి చోటులేదు. అతను చేయవలసిన తప్పంతా చేశాక, అతను చేయవలసిన మంచి అంతా ఇంకొకడు చేస్తున్నాడు.

భూమేశ్ లేచి కొత్త కార్డు బిగించాడు.

"సవరణలు చూపించాలా?" అంది సంధి.

"వద్దు."

లింబాద్రి గదిలో ప్రత్యక్షమై తొడగొట్టబోయాడు. భూమేశ్ చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆట వద్దు బావా. నన్ను తిట్టు. నువ్వు అడుక్కుంటుంటే నేను సప్పుడు జెయ్యలే. మొఖం సూడలేక తప్పించుకున్న. తిట్టు నన్ను."

నీడ ముఖంలో నవ్వు మాయమైంది. "గింత రాయి గుండెనారా నీది?" అంది. "ఎత్తుకొని పెంచితిని గదరా! మీ అక్క ఉంటే నీ మొఖం సూస్తుండెనా?" గొంతు పెరిగింది. మాట మీద మాట వచ్చి పడింది. భూమేశ్ మోకాళ్ళ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇక భరించలేననిపించిన చోట సరిగ్గా బావ గొంతు జీరబోయింది. "పోనీ తియ్యి. ఎంతైనా నా బామ్మర్దివే గదరా," అని దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

ఆ పూట భూమేశ్ కడుపునిండా తిన్నాడు, ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. మర్నాడు ఆటకు ముందు బావను మళ్ళీ తిట్టమన్నాడు. ఈసారి అక్క మాట మాత్రం తేవద్దన్నాడు.